స్కోపు చుక్కలు, కాలువ గట్టు: దూరం కొలిచిన ప్రాజెక్టు డైరీ

డిసెంబరు 8, 2024, ఆదివారం

స్నేహితుడి ఎయిర్ రైఫిల్ మీద నుంచి విప్పిన స్కోపు ఈ రోజు చేతికి వచ్చింది. 3-9×40 రకం. అంటే మూడు నుంచి తొమ్మిది రెట్ల వరకు పెద్దది చేసి చూపిస్తుంది, ముందు కటకం వెడల్పు 40 మిల్లీమీటర్లు. లోపల నిలువు, అడ్డం గీతలు, వాటి మీద నడిమి నుంచి ఒక్కో వైపు నాలుగేసి చుక్కలు. నాలుగో చుక్క దాటాక గీత లావవుతుంది. ఈ చుక్కల పద్ధతిని మిల్ డాట్ అంటారు. 1970ల చివర్లో అమెరికా మెరైన్ దళంలోని స్నైపర్ల కోసం తయారైంది.

కాలువల పనుల్లో లెవెలింగ్, అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం, నా వృత్తి. ఆటో లెవెల్‌లో కన్ను పెట్టి, ఎదురుగా నిలబెట్టిన స్టాఫ్ (గళ్లు గీసిన కొలత కర్ర) చదవడం ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని. ఆ లెవెల్ దూరదర్శినిలో మూడు అడ్డగీతలు ఉంటాయి. మధ్య గీత మట్టం కోసం, పైదీ కిందిదీ (స్టేడియా గీతలు) దూరం కోసం. పై రీడింగులోంచి కింది రీడింగు తీసేసి వందతో హెచ్చిస్తే పరికరం నుంచి స్టాఫ్‌కు ఎన్ని మీటర్లో వస్తుంది. మొన్న స్నేహితుడి ఇంట్లో ఈ స్కోపులోకి తొంగి చూసినప్పుడు మొదట తట్టింది అదే. ఈ చుక్కలూ నా స్టేడియా గీతలూ ఒకే తల్లి బిడ్డలు. దూరదర్శినిలో దారాలు కట్టి దూరం కొలిచే ఉపాయాన్ని ఆవిరి యంత్రం జేమ్స్ వాట్ 1771 ప్రాంతంలోనే స్కాట్లండ్ కాలువల సర్వేలో వాడాడు. కాలువ పని చేసేవాడి పరికరం తుపాకీ ఎక్కి, ఇన్నాళ్లకు మళ్లీ కాలువ గట్టుకు వచ్చిందన్న మాట. ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

తెలుసుకోవాల్సింది ఒక్కటే: ఈ చుక్కలతో ఎంత దూరం వరకు, ఎంత కచ్చితంగా కొలవగలను?

స్కోపు మళ్లీ తుపాకీ మీదకు ఎక్కదు. త్రిపాది మీదే ఉంటుంది. మనుషుల వైపు, ఇళ్ల వైపు తిప్పేది లేదు. తుపాకీ లేకపోయినా అది తుపాకీ సామానే. చూసేవాళ్లకు భయం కలిగించే హక్కు నాకు లేదు.

సాయంత్రం స్కోపును త్రిపాది మీద పట్టి ఉంచే ఊయల తయారు చేశాను. అడుగు పొడవున్న టేకు చెక్క, దాని మీద అంగుళం పైపు క్లాంపులు రెండు. స్కోపు గొట్టం కూడా సరిగ్గా అంగుళమే. గీతలు పడకుండా లోపల సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాను. సర్వే త్రిపాది బోల్టు 5/8 అంగుళం ఉంటుంది కాబట్టి, అదే కొలత నట్టును చెక్క అడుగున గుంట తొలిచి దిగ్గొట్టాను. మొదటిసారి గుంట వదులైంది, నట్టు తిరిగిపోయింది. రంపపు పొట్టులో ఎపాక్సీ కలిపి పూడ్చాను. రేపటికి గట్టిపడుతుంది.

డిసెంబరు 15, ఆదివారం

ఈ రోజంతా ఒకే దూరం దగ్గర గడిచింది. 50 మీటర్లు.

ముందు లెక్క. మిల్ అంటే రేడియన్‌లో వెయ్యో వంతు. వెయ్యి మీటర్ల దూరంలో ఒక మీటరు వస్తువు మన కంటి దగ్గర చేసే కోణం అది. పూర్తి వృత్తంలో ఇలాంటివి 6283 చిల్లర పడతాయి. ఫిరంగుల లెక్కకు భాగాహారం సులువుగా ఉండాలని నాటో సేనలు 6400గా, సోవియట్ సేనలు 6000గా తీసుకున్నాయి. స్కోపుల్లో మాత్రం అసలు మిల్లీరేడియనే వాడుక. కాబట్టి సూత్రం చిన్నది: వస్తువు ఎత్తు మీటర్లలో తీసుకుని వెయ్యితో హెచ్చించి, అది ఎన్ని మిల్‌లు ఆక్రమించిందో దానితో భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది. నా ఆటో లెవెల్ గీతల మధ్య కోణం రేడియన్‌లో వందో వంతు, అంటే సరిగ్గా పది మిల్‌లు. వందతో హెచ్చించడం వెనుక ఉన్నది ఇదే.

చుక్కకూ చుక్కకూ మధ్య ఒక మిల్ ఉండాలి, కాబట్టి స్కోపులో పై లావు గీత మొదలయ్యే చోటు నుంచి కింది లావు గీత వరకు కూడా పది మిల్‌లే ఉండాలి. 50 మీటర్ల దగ్గర పది మిల్‌లంటే అర మీటరు. మేనల్లుడు స్టాఫ్ పట్టుకున్నాడు. ఉక్కు టేపుతో 50 మీటర్లు కొలిచి మేకు కొట్టి, రెట్లు మార్చే రింగును 9 దగ్గర పెట్టి చూశాను.

52.5 సెంటీమీటర్లు వచ్చింది.

టేపు పొరపాటేమో అనుకున్నాను. ఆటో లెవెల్ పెట్టి చూస్తే పై కింది గీతల తేడా 0.500. అంటే దూరం సరిగ్గా 50 మీటర్లు. మళ్లీ స్కోపు. 52.4, 52.6, 52.5. తేడా స్కోపులోనే ఉంది.

కారణం కోసం రింగును తిప్పి చూశాను. 6 దగ్గర అదే చుక్కల మధ్య 79 సెంటీమీటర్లు, 3 దగ్గర 157. బొమ్మ చిన్నదవుతోంది, చుక్కలు మాత్రం ఉన్నంతే ఉంటున్నాయి. అంటే చుక్కల పలక రెండో నాభి తలంలో (లోపల బొమ్మ రెండోసారి ఏర్పడే చోట), కంటి వైపు ఉంది. ఇలాంటి స్కోపులో చుక్కల విలువ ఏదో ఒక్క రెట్ల అంకె దగ్గరే సరిపోతుంది. మొదటి నాభి తలంలో పలక ఉన్న స్కోపుల్లోనైతే బొమ్మతో పాటు చుక్కలూ పెరుగుతాయి, తగ్గుతాయి. అందుకే అవి ఖరీదు, అందుకే దూరాలు కొలిచేవాళ్లు వాటినే కోరుకుంటారు. నా దాంట్లో చుక్కలు సరిపోవాలంటే 9.45 రెట్లు కావాలి, రింగు 9 దగ్గరే ఆగిపోతుంది. 9 అని రాసి ఉన్నా నిజంగా అంతకన్నా కాస్త తక్కువ చూపిస్తోందో, చుక్కలనే కాస్త ఎడంగా చెక్కారో, ఏదైనా నా పనికి తేడా లేదు. నా స్కోపులో ఒక చుక్కడు (చుక్కకూ చుక్కకూ మధ్య ఎడాన్ని ఇలా అంటున్నాను) 1.05 మిల్‌లు. కాబట్టి వెయ్యి బదులు 952తో హెచ్చించాలి. ఆ అంకెను ఊయల పక్కన పెయింటుతో రాసి, రింగు జరగకుండా ఇన్సులేషన్ టేపు చుట్టాను.

పెట్టె మీద రాసినదాన్ని నమ్మి నేరుగా గట్టు మీదకు వెళ్లి ఉంటే ప్రతి దూరమూ నూటికి ఐదు ఎక్కువ వచ్చేది, ఎందుకో తెలిసేది కాదు. ఒక పూట పోయినా బెంగ లేదు.

డిసెంబరు 22, ఆదివారం

కాకతీయ కాలువ గట్టు. మా వైపు కాలువ వెంట దారి అర కిలోమీటరుకు పైగా సూటిగా పోతుంది. పొద్దున్నే మంచు విడిచేదాకా టేపు లాగి 100, 200, 300, 400, 500 దగ్గర మేకులు కొట్టాం. స్టాఫ్ మీద సరిగ్గా ఒక మీటరు ఎడంతో రెండు ఎర్ర రిబ్బన్లు కట్టాను. పొలం పనికి వచ్చిన కుర్రాడొకడు స్టాఫ్ పట్టుకుని మేకు నుంచి మేకుకు నడిచాడు. నేనూ మేనల్లుడూ ఒకరి తర్వాత ఒకరం చూసి, ఎవరి పుస్తకంలో వాళ్లం రాసుకున్నాం. ఒకరి అంకె ఇంకొకరు వింటే కన్ను ఆ అంకె వైపే మొగ్గుతుంది. లెవెలింగ్‌లో నేర్చుకున్న పాఠమిది.

నా రీడింగులు వరుసగా 9.5, 4.8, 3.2, 2.4, 1.9. వీటికి వచ్చిన దూరాలు 100, 198, 298, 397, 501. పుస్తకం మూసి కాసేపు కాలువ వైపు చూస్తూ నిలబడ్డాను. గాజు మీద చెక్కిన చుక్కలు, ఒక భాగాహారం. అంతే. అయినా అర కిలోమీటరు దూరంలో ఒక్క మీటరు తేడా!

మేనల్లుడి పుస్తకం తెరిచాక ఆ సంబరం నిలవలేదు. 9.4, 4.7, 3.1, 2.3, 1.8. దూరాలు 101, 203, 307, 414, 529.

"మామయ్యా, నేను తప్పు చదివానా?" అని అడిగాడు.

వాడి ప్రతి రీడింగూ నా దానికన్నా సరిగ్గా 0.1 తక్కువ. అజాగ్రత్తగా చదివేవాడి తప్పులు ఇంత క్రమశిక్షణతో ఉండవు. "నువ్వు చూసింది చూసినట్టు గీసి చూపించు" అన్నాను. గీశాడు. కింది రిబ్బన్‌ను చుక్క నడుమ పెడితే చుక్క దాన్ని కప్పేస్తోందట. రిబ్బన్ కనపడాలని చుక్క కింది అంచుకు ఆనించి, లెక్క మాత్రం చుక్క నడుమ నుంచి మొదలుపెట్టాడు. చుక్క వ్యాసం 0.2 చుక్కడు ఉంటుంది, అందులో సగం 0.1. వాడి కన్ను నా కన్నుకన్నా నిలకడైనది. పొరపాటు సున్నా పెట్టిన చోటుది.

ఈ 0.1 చేసిన పని చూడండి. వంద మీటర్ల దగ్గర అసలు దూరానికి 1 మీటరు ఎక్కువ. రెండు వందల దగ్గర 3. మూడు వందల దగ్గర 7. నాలుగు వందల దగ్గర 14. ఐదు వందల దగ్గర 29. దూరం రెట్టింపైతే తప్పు నాలుగింతలవుతోంది. నా 501 గురించి పొంగిపోవడమూ తప్పేనని అప్పుడే అర్థమైంది. 1.9 బదులు 2.0 చదివి ఉంటే 476 వచ్చేది. 1.9 అని నేను చదివిన క్షణంలో నిజం 1.8 కావచ్చు, 2.0 కావచ్చు. ఒక మీటరు తేడా రావడం నా అదృష్టం. నా కొలత అసలు విలువ ఇటు పాతిక మీటర్లు, అటు పాతిక మీటర్లు.

రిబ్బన్ల ఎడాన్ని రెండు మీటర్లకు పెంచి 500 దగ్గర మళ్లీ చూశాం. 3.8 వచ్చింది. ఈసారి 0.1 తప్పినా తేడా 13 మీటర్లే. వస్తువు రెట్టింపైతే తప్పు సగమవుతుంది. దూరం కొలవాలంటే కనపడేవాటిలో పెద్దదాన్ని పట్టుకోవాలి.

మేనల్లుడు చుక్క నడుమ సున్నా పెట్టి మళ్లీ చదివాడు. 300 దగ్గర 3.2, 400 దగ్గర 2.4.

డిసెంబరు 25, బుధవారం

సెలవు. రాత్రి పడుకున్నాక తట్టిన సంగతిని ఈ రోజు పరీక్షించాను.

ఆటో లెవెల్‌లో నేను చేసేది వేరు, ఆదివారం చేసింది వేరు. లెవెల్‌లో కోణం కదలదు. రెండు గీతలు స్టాఫ్ మీద ఎక్కడ పడ్డాయో చదువుతాను. స్టాఫ్ మీద సెంటీమీటరు గళ్లు ఉంటాయి, కాబట్టి నేను చదివేది పొడవును. స్కోపుతో గురి చూసేవాళ్లు చేసేది దీనికి తిరగేసిన పని. వస్తువు ఎత్తు కదలదు, అది ఎన్ని చుక్కలు ఆక్రమించిందో చదువుతారు. చుక్కల మధ్య ఏ గళ్లూ లేవు. పదో వంతును కంటితో ఊహించాల్సిందే.

అదే స్కోపుతో లెవెల్ పద్ధతిలో చదివితే? నడిమి నుంచి కింది లావు గీత మొదలు వరకు ఐదు చుక్కళ్లు, అంటే 5.25 మిల్‌లు. నడిమిని స్టాఫ్ మీద ఒక గుర్తు దగ్గర ఉంచి, లావు గీత ఎక్కడ తాకుతోందో చదివాను. 300 మీటర్ల నుంచి సెంటీమీటరు గళ్లు కనపడవు. ఐదు సెంటీమీటర్ల పట్టీలు కనపడతాయి, వాటి మధ్య రెండు సెంటీమీటర్ల వరకు అంచనా వేయవచ్చు. 1.57 వచ్చింది. దాన్ని 0.00525తో భాగిస్తే 299 మీటర్లు. రెండోసారి 1.59, 303 మీటర్లు. ఆదివారం నాటి పద్ధతిలో 0.1 తప్పితే ఇదే దూరంలో తొమ్మిది, పది మీటర్లు పోయేది. ఇప్పుడు నాలుగు మీటర్ల లోపే.

స్కోపు అదే, కన్ను అదే, మేకు అదే. గళ్లు ఎటువైపు ఉన్నాయన్నదే తేడా. నా వృత్తి పరికరం మీద ఇంత గౌరవం ఎప్పుడూ కలగలేదు. గురి చూసేవాడి అవతల స్టాఫ్ పట్టుకునే మనిషి ఉండడు కాబట్టి, వాడికి ఆ వీలు లేదు. అవతలి వస్తువు ఎత్తు ఎంతో ముందే తెలిసి ఉండాలి. ఇక అటు వైపు చూడాలి.

డిసెంబరు 29, ఆదివారం

ఎత్తు ముందే తెలిసిన వస్తువు కాలువ గట్టు మీద ఏముంది? కరెంటు స్తంభం. మా ఊళ్లలో నిలబెట్టే సిమెంటు స్తంభాల్లో 8 మీటర్లవి ఎక్కువ, ఆ తర్వాత 9.1 మీటర్లవి. పొడవులో ఆరో వంతు భూమిలో పాతాలని లెక్క. ఎనిమిదిలో ఆరో వంతు 1.33, కాబట్టి పైకి కనపడేది 6.67 మీటర్లు. కాగితం మీద ఎంత బాగుందో!

దారి చివర ఉన్న స్తంభాన్ని చూశాను. 9.4 చుక్కళ్లు. 6.67ను 952తో హెచ్చించి 9.4తో భాగిస్తే 676 మీటర్లు. ఇంత పెద్ద రీడింగులో 0.1 తప్పినా ఏడు మీటర్లకు మించి తేడా రాకూడదు. ధీమాగా టేపు లాగాం.

640.

ముప్పై ఆరు మీటర్ల తేడా. మళ్లీ చూశాను, 9.4. మేనల్లుడికీ 9.4. రీడింగులో తప్పు లేదు. మిగిలింది స్తంభం ఎత్తు. స్టాఫ్ ఎత్తి పట్టి కొలవవచ్చుగా అని స్టాఫ్ పట్టే కుర్రాడు అన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. అది అల్యూమినియం స్టాఫ్, పైన తీగలు. సర్వే పనిలో ప్రాణాలు పోయేది ఇలాంటి తొందరలోనే.

నీడతో కొలిచాం. మధ్యాహ్నం ఒంటి గంట ప్రాంతంలో సర్వేలో పాతే రెండు మీటర్ల కొలత కర్ర, రేంజింగ్ రాడ్‌ను నిటారుగా నిలబెడితే నీడ 1.84 వచ్చింది. అదే నిమిషంలో స్తంభం నీడ 5.80. అంటే స్తంభం 6.30 మీటర్లు. గట్టు దారి మీద ఎప్పుడో మొరం పోసి ఎత్తు పెంచారు, స్తంభం మొదలు అందులో మునిగింది. 6.30 పెట్టి లెక్కిస్తే 638 వచ్చింది.

చుక్కల దగ్గర పదో వంతు కోసం రెండు వారాలుగా కొట్టుకుంటున్నాను. ఇక్కడ ఒక ట్రాక్టరు మొరం దానికి ఎన్నో రెట్లు లాక్కుపోయింది. లెక్కలో రెండు అంకెలుంటాయి, నేను ఒక్కదాన్నే కాపలా కాశాను. సోవియట్ వాళ్ల డ్రాగునోవ్ రైఫిల్ మీద ఉండే పీఎస్ఓ-1 స్కోపు ఇప్పుడు గుర్తొస్తోంది. మన సైన్యమూ ఆ రైఫిల్‌ను వాడింది. ఆ స్కోపులో ఒక మూల చిన్న వంపు గీత, దాని కింద అడ్డగీత ఉంటాయి. నిలబడ్డ మనిషి పాదాలు అడ్డగీత మీద, తల వంపు గీతకు తగిలేలా చూస్తే 2, 4, 6, 8, 10 అన్న అంకెలు దూరాన్ని వందల మీటర్లలో చెబుతాయి. భాగాహారమే అక్కర్లేదు. అయితే ఆ వంపు గీసింది 1.7 మీటర్ల మనిషి కోసం. అవతలి మనిషి 1.6 అయితే దూరం నూటికి ఆరు ఎక్కువ వస్తుంది. మొరంలో మునిగిన స్తంభానిదీ అదే కథ.

జనవరి 5, 2025, ఆదివారం

ఈ రోజు రెండు చిన్న పరీక్షలు.

స్టాఫ్ ఒరిగితే ఏమవుతుంది? 300 దగ్గర స్టాఫ్‌ను వెనక్కి పది డిగ్రీలు వంచి పట్టించాను. తేడా దాదాపు తెలియనే లేదు. కొసైన్ 10 డిగ్రీలకు 0.985, అంటే నూటికి ఒకటిన్నర. ఇరవై డిగ్రీలకు ఆరు. అంత ఒరిగితే ఎవరి కంటికైనా తెలుస్తుంది కాబట్టి దీని గురించి దిగులు అక్కర్లేదు.

రెండోది ఎండ. పొద్దున ఏడున్నరకు 400 దగ్గర రిబ్బన్లు బొమ్మ గీసినట్టు నిలబడ్డాయి. మధ్యాహ్నం అదే చోట కింది రిబ్బన్ నీళ్లలో వేసిన గుడ్డలా ఆడుతోంది, పై రిబ్బన్ అంతగా లేదు. గట్టు నేల వేడెక్కి, దాన్ని ఆనుకున్న గాలి ఉడుకుతోంది. లెవెలింగ్‌లోనూ నేలకు దగ్గరగా ఉండే రీడింగులను నమ్మం. కింది రిబ్బన్‌ను నేల నుంచి మీటరు పైకి జరిపి కట్టాక ఆట తగ్గింది. అయినా రీడింగు 2.2 నుంచి 2.6 దాకా ఊగింది. సంక్రాంతి నెలలోనే ఇలా ఉంటే, మే నెలలో ఈ పని పొద్దు పొడిచే వేళకే పరిమితం.

జనవరి 12, ఆదివారం

ఊరి చెరువు. తూము దగ్గర త్రిపాది పెట్టి, అలుగు దగ్గర స్టాఫ్ పట్టించాను. మధ్యలో నిండా నీళ్లు, టేపు లాగే వీలే లేదు. చుక్కల పద్ధతి అసలు అక్కరకు రావాల్సింది ఇలాంటి చోటే.

ఒకప్పుడు ఈ చెరువుకు నీరటి పని చేసిన తాత గేదెలను తోలుకుని అటుగా వచ్చాడు. కాసేపు నిలబడి చూశాడు.

"ఏం బాబూ, కట్ట కొలుస్తున్నారా?"

"తూము నుంచి అలుగు దాకా ఎంతో చూస్తున్నాను తాతా. మీకేమైనా తెలుసా?"

"నలభై అయిదు గొలుసులు. పట్వారీతో కలిసి గొలుసు పట్టింది నేనే."

మా వైపు పొలాల గొలుసు 33 అడుగులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు కలిస్తే ఒక గుంట. నలభై అయిదు గొలుసులంటే 1485 అడుగులు, 452 మీటర్ల పైచిలుకు. నేను లెవెల్ పద్ధతిలో చదివితే ఐదు చుక్కళ్ల కింద స్టాఫ్ మీద 2.20కి 2.25కి నడుమ, దాదాపు 2.22. దూరం 423. రెండు మీటర్ల ఎడంతో కట్టిన రిబ్బన్ల పద్ధతిలో 4.5 చుక్కళ్లు. అదీ 423.

ముప్పై మీటర్ల తేడా. స్తంభం దెబ్బ తగిలి రెండు వారాలే అయింది కాబట్టి, తప్పు నా వైపే ఉంటుందనుకుని స్కోపు రింగు చూశాను, రిబ్బన్ల ఎడం మళ్లీ కొలిపించాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తాత మాట తప్పని అనడానికి మనసొప్పలేదు. గొలుసు పట్టిన మనిషి లెక్క మర్చిపోడు.

"తాతా, మీరు గొలుసు నీళ్ల మీదుగా లాగారా?"

తాత నా వైపు జాలిగా చూశాడు. "నీళ్ల మీద ఎలా లాగుతారు బాబూ? కట్ట మీదే."

కట్ట సూటిగా లేదు. గుట్ట పక్కన మలుపు తిరిగి అలుగుకు చేరుతుంది. నా చూపు నీళ్ల మీదుగా అడ్డంగా పోయింది, తాత గొలుసు కట్ట వెంట నడిచింది. మేనల్లుడూ నేనూ కట్ట వెంట టేపు లాగాం. 451 మీటర్లు వచ్చింది. పట్వారీ గొలుసుకూ మా ఉక్కు టేపుకూ మీటరున్నర తేడా. ఆయనకు ఆ సంగతి చెబితే, "ఎండకు గొలుసు సాగుతుంది, పొద్దున పూట కొలవాలి" అని గేదెల వెనక వెళ్లిపోయాడు.

1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బ్రిటిష్ సర్వేయర్ విలియం లాంబ్టన్ ఆధార రేఖ కొలిచినప్పుడు కూడా ఉక్కు గొలుసు ఎండకు సాగకుండా కాపాడుకోవడమే పెద్ద పనైంది. పన్నెండు కిలోమీటర్ల చిల్లర ఆ ఒక్క రేఖను నేల మీద కొలిచి, అక్కడి నుంచి కోణాలతో దేశాన్ని అల్లుకుంటూ పోయారు. నేల మీద నమ్మకంగా కొలిచిన ఒక్క పొడవు లేనిదే ఏ కోణమూ దూరంగా మారదు. నాకు 50 మీటర్ల మేకు ఉంది, రిబ్బన్ల మధ్య మీటరు ఉంది. ఈ రోజు నుంచి తాత చెప్పిన నలభై అయిదు గొలుసులు కూడా ఉన్నాయి.

జనవరి 15, బుధవారం, కనుమ

స్కోపు రేపు తిరిగి ఇచ్చేయాలి. మేనల్లుడు వదలడం లేదు. వాడి కోసం స్కోపు అక్కర్లేని పరికరం ఒకటి చేశాను, పీఎస్ఓ-1 వంపు గీతను చూసి.

ఒక పారదర్శక ప్లాస్టిక్ షీటు, దాని మూలకు 60 సెంటీమీటర్ల దారం. దారం చివరి ముడిని పంటితో పట్టుకుని షీటును ముందుకు చాచితే కంటికీ షీటుకూ దూరం ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది. రెండు మీటర్ల రాడ్ 50 మీటర్ల దగ్గర షీటు మీద 24 మిల్లీమీటర్లుగా కనపడుతుంది, 75 దగ్గర 16, 100 దగ్గర 12, 150 దగ్గర 8, 200 దగ్గర 6. అడుగున ఒక అడ్డగీత గీసి, ఈ ఎత్తుల దగ్గర గుర్తులు పెట్టి, వాటిని కలిపితే కుడి వైపుకు పోయే కొద్దీ అడ్డగీతకు దగ్గరయ్యే వంపు వచ్చింది. 300 దగ్గర 4 మిల్లీమీటర్లు, 400 దగ్గర 3. మార్కర్ గీత లావే అర మిల్లీమీటరు. అందుకని 200 దగ్గరే ఆపేశాను.

గట్టు మీద రాడ్ పాతి, వాడికి కనపడకుండా దూరం కొలిచి వచ్చాను. ముడిని పంటితో బిగించి, ఒక కన్ను మూసి, షీటును అటూ ఇటూ జరిపాడు.

"నూట యాభైకీ రెండు వందలకీ మధ్య. నూట యాభై వైపు."

టేపు మీద 164.

సాయంత్రం పొలంలో కుర్రాళ్లు క్రికెట్ ఆడుతుంటే స్కోపు చివరిసారి బయటికి తీశాం. ఆట ఆగేదాకా కాచుకుని, అందరూ పక్కకు వచ్చాక వికెట్ల వైపు తిప్పాం. వికెట్ ఎత్తు 28 అంగుళాలు, 71.1 సెంటీమీటర్లు. వాడు ఆ అంకెను నమ్మలేదు. టేపు పట్టుకుని వికెట్ల దగ్గరకు పరుగెత్తి, నేలలోకి ఎంత దిగాయో చూసి, సరిగ్గా 71 వచ్చేలా పైకి లాగి పెట్టాడు. తిరిగి వచ్చి చుక్క నడుమ సున్నా పెట్టి చదివాడు. 9.0. నోటు పుస్తకం మోకాలి మీద పెట్టుకుని 952తో హెచ్చించి, భాగించి, 75 మీటర్లని రాశాడు. నేను తడి గడ్డిలో టేపు లాగాను. 74.6 వచ్చింది.